ఇంకొంచెం... చాలు... అక్కడ ఉంచు

రిమోట్ పాడవడానికి కారణం నేనే. మే నెలంతా కృష్ణా జిల్లాలో మా ఊళ్ళో గడిపి, అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆవిడకి సుప్రభాతం వినిపిద్దామని హోమ్ థియేటర్ రిమోట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక మూత తీసి చూశాను. సెల్లులు రెండూ కారిపోయి, చెమ్మగోడకి ఉప్పు పేరినట్టు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఎక్కువ రోజులు ఇంటికి తాళం పెట్టి వెళ్ళేటప్పుడు సెల్లులు తీసేసి వెళ్ళమని ఊరందరికీ చెప్పే మనిషిని నేను. అల్కలైన్ సెల్లు నుంచి కారేది క్షారం కాబట్టి నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిస్తే వదులుతుందని కూడా చెబుతుంటాను. తుడిచాను. తెలుపు వదిలింది. దానితోపాటు స్ప్రింగూ ఊడి చేతిలోకొచ్చింది.

కోపం కొద్దీ ఒక మాట. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ తెచ్చిన టీవీ రిమోటుకి అసలు సెల్లులే లేవు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొట్టేది. మనిషి చెవికి అందని ఆ మోత టీవీకి అందేది. అంత చక్కని ఉపాయం వదిలేసి మనం సెల్లుల కాళ్ళు పట్టుకున్నాం.

అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే "యాప్ వేసుకో నాన్నా" అన్నాడు. నా రిసీవర్ ఇంటర్నెట్ మొహం చూడని కాలం నాటిది. అయిదు స్పీకర్లనీ ఒక సబ్ వూఫర్‌నీ నడిపిస్తూ టీవీ కింద అరలో కూర్చునే నల్ల పెట్టె. యమహా వాళ్ళది. కొన్ననాటి నుంచీ దానికి నేను దూరం నుంచి ఆజ్ఞలు ఇవ్వడమే తప్ప, దగ్గరికెళ్ళి మొహం చూసింది లేదు. దుమ్ము తుడిచేది మా ఆవిడ. కాబట్టి దాని మొహం ఆవిడకే బాగా తెలుసు. "ఆ మధ్యలో పొడుగు బటన్లున్నాయి చూడండి, వాటి సందుల్లోకి గుడ్డ దూరి చావదు" అంది. రిసీవర్ ముందు భాగం గురించి నేను విన్న మొదటి సమాచారం అది.

సరే, వంగాను. అక్షరాలు చీమతలకాయలంత. నల్లటి మొహం మీద బూడిదరంగు రాత. కింది అర కావడంతో మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప కనపడదు. కూర్చుంటే కళ్ళజోడులో దూరం చూసే భాగం అడ్డొస్తుంది. గడ్డం పైకెత్తి, ఫోన్ టార్చి వేసి, అష్టావక్రుడిలా వంకర్లు తిరిగి చదివాను. ఎడమ చివర పవర్ బటన్. మధ్యలో డిస్‌ప్లే, దాని కింద సీన్ అని నాలుగు బటన్లు. ఇన్ఫో, టోన్ కంట్రోల్, ప్రోగ్రామ్, స్ట్రెయిట్, ఇన్‌పుట్. హెడ్‌ఫోన్ పెట్టే పెద్ద కన్నం, మైకు పెట్టే చిన్న కన్నం. కుడివైపు గారెంత వాల్యూమ్ నాబ్. అంతే. ఈ గుప్పెడు మీటలతో ఇంచుమించు పద్నాలుగు నెలలు కాపురం చేశాం.

అమ్మకి మొదటి రోజే అనుమానం వచ్చింది. నేను నాబ్ తిప్పుతుంటే డిస్‌ప్లే మీద అంకెలు మారుతున్నాయి: మైనస్ 45.0, మైనస్ 44.5, మైనస్ 44.0.

"అదేమిట్రా, మైనస్‌లో ఉంది? అప్పుల్లో ఉందా?"

"అప్పు తీరేకొద్దీ సౌండు పెరుగుతుందమ్మా."

"మొత్తం తీరిపోతే?"

"అపార్ట్‌మెంట్ సెక్రటరీ వస్తాడు."

ఆవిడ నవ్వింది గానీ, అడిగిన ప్రశ్న సరైనదే. రిసీవర్లలో సున్నా అంటే నిశ్శబ్దం కాదు. సినిమాకి సౌండ్ మిక్స్ చేసిన గదిలో ఎంత గట్టిగా పెట్టుకుని విన్నారో, ఇంచుమించు ఆ స్థాయిని సున్నా అనుకుని అక్కణ్ణించి వెనక్కి లెక్కపెడతారు. ఇంట్లో అంత గట్టిగా ఎవరూ వినరు కాబట్టి మన బతుకంతా మైనస్‌లోనే గడుస్తుంది. నాబ్ ఒక మెట్టు కదిలితే అర డెసిబెల్ మారుతుంది. ఆ తేడా ఎవరి చెవికీ పెద్దగా తెలియదు. మైనస్ 40 నుంచి మైనస్ 30కి వెళితే మాత్రం యాంప్లిఫైయర్ స్పీకర్లకి పంపే శక్తి పదింతలవుతుంది. చెవి ఆ పదింతల్ని విని "ఊ, రెట్టింపైనట్టుంది" అని ఊరుకుంటుంది. ఎంత పెట్టినా ఇంతేనా అనే చుట్టం లాంటిది మన చెవి.

నాబ్ గురించి ఇంకొక్క మాట. మా ఇంట్లో వాల్వ్ రేడియో ఉండేది. దాని చెవి తిప్పితే ముందు టక్కుమని స్విచ్చు పడేది, తర్వాత లోపలి గొట్టాలు వేడెక్కేదాకా ఆగాలి, ఆ తర్వాత గొంతు వచ్చేది. ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళితే ఆగిపోయేది. ఇంక లేదు, ఇంతే నా శక్తి, అని చేతికి తెలిసేది. లోపల కార్బన్ పూత పూసిన పట్టీ మీద ఒక ముక్క జారేది. చేతికి తెలిసే ఆ చివర నిజంగా ఆ పట్టీ చివరే. ఇప్పటి రిసీవర్ నాబ్‌కి మొదలూ తుదీ లేదు. ఎన్ని చుట్లు తిప్పినా తిరుగుతుంది. అది ఎన్ని మెట్లు కదిలిందో లోపలి చిప్పు లెక్కపెట్టుకుంటుంది, అంతే. ఎక్కడున్నామో చేతికి తెలియదు, డిస్‌ప్లే చూడాల్సిందే. పక్కింటి బుడ్డోడు ఒకసారి బొంగరంలా తిప్పేశాడు. ఇంతకంటే పెరగకూడదని గరిష్ఠ వాల్యూమ్ సెట్టింగు రిమోట్ బతికున్న రోజుల్లోనే పెట్టి ఉంచాను కాబట్టి సరిపోయింది. ఇంట్లో చిన్నపిల్లలు మసిలేవాళ్ళు ఆ సెట్టింగు వెతుక్కుని పెట్టుకోవడం మంచిది.

అసలు ఇబ్బంది ఇవేవీ కాదు. మీట ఒకచోట, వినడం మరోచోట. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి సెంటర్ స్పీకర్ నెత్తిమీదే ఉంటుంది. అక్కడ చెవికి హాయిగా ఉందని నాబ్ వదిలేసి సోఫాలోకి వచ్చి కూర్చుంటే మాటలు గొణుగుడైపోతాయి. ఆరుబయటైతే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి అంత తగ్గదు గానీ, తగ్గడం తగ్గుతుంది. మళ్ళీ లేవడం, వంగడం, తిప్పడం, వచ్చి కూర్చోవడం. మొదటి వారంలో ఒక్క సినిమాకి తొమ్మిదిసార్లు లేచాను. మోకాళ్ళు లెక్కపెట్టాయి.

పదోసారి లేవబోతుంటే అమ్మ అంది: "నువ్వక్కడే ఉండు. నేను చెబుతాను."

తిప్పాను.

"ఇంకొంచెం."

తిప్పాను.

"ఇంకొంచెం... అబ్బ, ఎక్కువైంది... వెనక్కి... చాలు. అక్కడ ఉంచు."

ఆ "అక్కడ ఉంచు" వినగానే నా చెయ్యి నాబ్ మీదే ఆగిపోయింది. ఆ మాట, ఆ గొంతు, ఆ సాగదీత నేను ఇదివరకు విన్నవే. 1980ల్లో మా డాబా మీద చేపముల్లు లాంటి యాంటెన్నా ఉండేది. గాలివాన వచ్చి వెళ్ళిన ప్రతిసారీ అది మొహం తిప్పుకునేది. నాన్న డాబా ఎక్కి పైపు పట్టుకునేవారు. అమ్మ టీవీ ముందు. పెరటి గుమ్మంలో మాటలు మోసేవాణ్ణి నేను. "వచ్చిందా?" అని పైనుంచి. "వచ్చిందా?" అని నేను లోపలికి. "బొమ్మొచ్చింది, మాట రాలేదు" అని లోపల్నుంచి. నేను ఆ మాట మోసుకెళ్ళి పైకి అరిచేలోపు నాన్న ఇంకో జానెడు తిప్పేసేవారు. వచ్చిన బొమ్మ పోయేది. తప్పు ఎవరిదని రాత్రి భోజనాల దగ్గర తేలేది కాదు గానీ, ఎక్కువసార్లు నాదే అయ్యేది.

నాన్న ఇప్పుడు లేరు. ఆయన పని నాకొచ్చింది. మధ్యలో మోసేవాడి అవసరం లేదు, నాలుగు గజాల దూరమే. తీర్పు చెప్పే కుర్చీలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆవిడే.

అప్పటినుంచీ మా ఇంట్లో సౌండు సరిచేయడం ఇద్దరు మనుషుల పని. తిప్పేవాడికి వినపడదు, వినేవాళ్ళ చేతికి అందదు. రిమోట్ ఉన్నప్పుడు నా చెవికి సరిపడా పెట్టి, అదే అందరికీ సరిపడా అనుకునేవాణ్ణి. ఎనభై దాటిన చెవికి మాటల చివర్లు అందవనీ, సబ్ వూఫర్ దడదడలో మాటలు మునిగిపోతాయనీ నాకెవరూ చెప్పలేదు. నేనెవరినీ అడగనూ లేదు. అడిగాక టోన్ కంట్రోల్ నొక్కి ట్రెబుల్ రెండు పెంచి, బాస్ మూడు తగ్గించాను. "ఇప్పుడు పళ్ళు కట్టించుకున్నట్టుంది" అని అమ్మ తీర్పు. మాట స్పష్టతకి ఇంతకంటే మంచి వర్ణన ఏ ఆడియో పత్రికలోనూ నేను చదవలేదు.

ప్రోగ్రామ్ బటన్ దగ్గర మాత్రం చాలా రోజులు గడిపాం. అది నొక్కుతూ పోతుంటే డిస్‌ప్లే మీద పేర్లు వస్తుంటాయి: హాల్ ఇన్ మ్యూనిక్, హాల్ ఇన్ వియన్నా, చాంబర్, సెల్లార్ క్లబ్, ది రాక్సీ థియేటర్, ది బాటమ్ లైన్. అసలు హాళ్ళకి వెళ్ళి, అక్కడ చప్పుడు గోడలకి తగిలి ఎంతసేపటికి, ఎటునుంచి తిరిగొస్తుందో కొలుచుకొచ్చి, ఆ లెక్కల్ని చిప్పులో పెట్టి ఇంట్లో ఆ హాలును లేపడం యమహా వాళ్ళు 1986లో డీఎస్పీ-1 అనే పెట్టెతో మొదలుపెట్టారు. ఆ పరంపరే నా అరలోనూ ఉంది. అంచేత మా ఇంట్లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు ఒక శుక్రవారం వియన్నాలో అన్నమయ్య కీర్తనలు పాడారు. ఘంటసాల గారు లాస్ ఏంజెలెస్ రాక్సీలో పద్యం అందుకున్నారు. రాగం చివర అక్కడి గోడలు కూడా వంత పాడాయి. అమ్మకి వియన్నా నచ్చింది, "గుళ్ళో పాడినట్టుంది" అంది. రాక్సీని ఒప్పుకోలేదు.

నన్ను పట్టుకున్నది బాటమ్ లైన్. అది న్యూయార్క్‌లో సంగీతం వినిపించే క్లబ్బు. 2004లో మూసేశారు. ఆ హాలు పోయింది, దాని ప్రతిధ్వని మాత్రం హైదరాబాదులో ఒక ఫ్లాట్‌లో టీవీ కింద అరలో బతికుంది. మన ఊళ్ళలో కూలగొట్టి కల్యాణ మండపాలూ, షాపింగ్ కాంప్లెక్సులూ కట్టిన పాత సినిమా హాళ్ళ ప్రతిధ్వనిని కూడా ఇలా కొలిచి దాచి ఉంటే, అనుకున్నాను. అనుకుంటూ మరోసారి నొక్కితే డిస్‌ప్లే మీద వచ్చింది: మోనో మూవీ.

ఒకే ఒక్క ట్రాకు శబ్దం ఉన్న పాత సినిమాలకి పాత హాలు వాతావరణం తెచ్చే ప్రోగ్రామ్ అది. దానికి మాయాబజార్ కంటే మంచి పరీక్ష ఏముంటుంది? 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చి విడుదల చేసిన ప్రతి కాదు, 1957 నాటి నలుపు తెలుపుది పెట్టాం. ఎస్వీ రంగారావు గారి గొంతు ఒక్కసారిగా పెద్ద హాల్లో పైకి లేచినట్టు లేచింది. గర్వంగా వెనక్కి తిరిగి చూశాను.

"ఎలా ఉందమ్మా?"

"బానే ఉంది. కానీ ఇలా ఉండేది కాదు."

ఆవిడ ఆ సినిమా చూసింది టూరింగ్ టాకీస్‌లో. డేరా గుడ్డకి ప్రతిధ్వని ఎక్కడిది? గుడ్డ శబ్దాన్ని తాగేస్తుంది. వెనకాల జనరేటర్ మోత, పక్కన సోడాలవాడి కేక, రీలు మార్చేటప్పుడు ఈలలు. అవేవీ లేకుండా మంచి సినిమా హాలు పెడితే ఆవిడకి అది వేరే సినిమా అయిపోయింది. స్ట్రెయిట్ నొక్కాను. హాలూ లేదు, ప్రతిధ్వనీ లేదు, ఉన్నదున్నట్టు ముందు రెండు స్పీకర్లలోంచి వచ్చింది. సోఫాలో ఒక మూల కూర్చున్న ఆవిడకి రంగారావు గారు తెర మధ్యలో నోరు తెరిస్తే మాట పక్కనున్న స్పీకర్లోంచి వస్తోంది. మళ్ళీ ప్రోగ్రామ్ నొక్కుతూ సరౌండ్ డీకోడర్ దగ్గర ఆగాను. డాల్బీ ప్రోలాజిక్ పద్ధతిలో కుడి ఎడమల్లో ఒకే శబ్దం ఉంటే దాన్ని మధ్య స్పీకర్‌కి పంపేస్తారు. మోనో సినిమా మొత్తం ఒకే శబ్దం కదా, అంతా తెర కింద ఉన్న ఒక్క స్పీకర్లోకి వచ్చి కూర్చుంది. పదమూడు వేల ఖర్చుతో కొన్న మిగతా నాలుగు స్పీకర్లూ మూగనోము పట్టాయి.

"ఇదీ! అప్పుడు కూడా తెర వెనకనుంచే వచ్చేది" అంది అమ్మ. నాకు మాత్రం ఆ నాలుగు స్పీకర్ల మీద జాలేసింది.

ఇన్ఫో అని ఒక బటన్ ఉంది. దాని జోలికి నేను పోకుండా ఉండాల్సింది. నొక్కుతుంటే ఇన్‌పుట్ ఏమిటో, ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో, వస్తున్న శబ్దం ఏ రకమో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. కొత్త సినిమా ఒకటి ఓటీటీలో చూస్తూ, "విన్నావా, వెనకనుంచి గుర్రాలు వస్తున్నాయి" అని మా ఆవిడకి గొప్పగా చూపిస్తున్న రోజున అది నొక్కాను. పీసీఎం అని వచ్చింది. అంటే వస్తున్నది రెండే చానళ్ళు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో పీసీఎం అని ఉంటే, అసలు సినిమాలో ఎన్ని చానళ్ళున్నా టీవీ వాటిని రెండుగా కుదించి రిసీవర్‌కి పంపుతుంది. మిగతాది రిసీవర్ ఊహించి పంచుతుంది. నేను వెనకనుంచి విన్న గుర్రాలు సౌండ్ ఇంజనీరు తోలినవి కావు, నా రిసీవర్ కల్పించినవి. ఎన్నేళ్ళుగా ఇలా విని మురిసిపోయానో లెక్క వేసుకోలేదు. మీ ఇంట్లోనూ ఒకసారి ఆ బటన్ నొక్కి చూడండి. డాల్బీ అనో డీటీఎస్ అనో రాకపోతే టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళండి. నిజం తెలుసుకోవడం ఇష్టంలేకపోతే నొక్కకండి.

సీన్ బటన్లు నాలుగూ అమ్మకి ఇచ్చేశాం. కావలసిన ఇన్‌పుట్, ప్రోగ్రామ్ పెట్టుకుని, ఆ బటన్‌ని కాసేపు వదలకుండా నొక్కి పట్టుకుంటే అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత సెట్ ఆఫ్‌లో ఉన్నా ఒక్క నొక్కుతో లేచి, ఆ చోటుకే వెళ్ళి కూర్చుంటుంది. ఒకటి టీవీ. నాలుగోది రేడియో, వివిధభారతి 102.8. మిగతా రెండూ ఆవిడ ముట్టుకోలేదు. ఎఫ్ఎం కోసం వెనక ఒక సన్నటి తీగ వేలాడుతుంటుంది. దాన్ని కిటికీ వైపు లాగి గోడకి అంటించేటప్పుడు మళ్ళీ అదే తంతు: వచ్చిందా, గరగర, ఇంకొంచెం పైకి, చాలు.

ఇక్కడ తయారీదారులతో నాకొక పేచీ ఉంది. ఖరీదు పెరిగేకొద్దీ రిసీవర్ల మొహం మీద మీటలు మాయమవుతాయి. రెండు గుండ్రటి నాబ్‌లు, మధ్యలో నున్నటి పలక. అసలు బటన్లన్నీ కిందకి తెరుచుకునే ఒక తలుపు వెనక. డెనాన్, మరాంట్జ్ పెద్ద సెట్లు చూడండి, ఇదే వరస. చూడ్డానికి హుందాగానే ఉంటుంది. కానీ ఎప్పుడూ తెరవని తలుపు వెనక ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలాంటివాడి చౌక సెట్టుకి తలుపు లేదు, బటన్లన్నీ బయటే, పెళ్ళివారి ఎదుట నిలబడ్డ బంధువుల్లాగా. రిమోట్ పోయిన రోజున చుట్టాలంతా అక్కరకొచ్చారు. అయితే దీనికీ ఒక హద్దుంది. స్పీకర్ల దూరాలు, ఒక్కొక్క స్పీకర్ స్థాయి మార్చే సెటప్ మెనూలోకి మా సెట్టు మొహం మీదనుంచి దారి లేదు. అది రిమోట్‌కే. మాటలు వినపడటానికి సెంటర్ స్పీకర్ ఒక్కటే కాస్త పెంచాలని ఎంత కోరుకున్నా వీలుకాలేదు. వీధి గుమ్మం వరకే మన ప్రవేశం.

దొడ్డిదారి ఒకటుందని సెట్టుతో వచ్చిన పుస్తకం చివరి పేజీల్లో చదివాను. స్ట్రెయిట్ బటన్ వదలకుండా నొక్కిపట్టి పవర్ నొక్కాలి. ఆ రెండింటికీ మధ్య జానెడు దూరం. ఒకచేత్తో కాదు, రెండు చేతులూ చాపి వంగితే సాష్టాంగానికి కాస్త తక్కువ. ప్రోగ్రామ్ నొక్కితే అంశాలు మారతాయి, స్ట్రెయిట్ నొక్కితే వాటి విలువలు మారతాయి. స్పీకర్ల ఓమ్స్ ఎంత, అన్నీ చెరిపేసి కొత్తది చేయాలా, ఇలాంటివి. చెరిపే అంశం చూడగానే భయమేసి, తిప్పినవన్నీ వెనక్కి తిప్పాననుకుని బయటికొచ్చేశాను. ఆ రాత్రి ఒకటి తిప్పకుండా మిగిలిపోయిందని నాకప్పుడు తెలియదు.

నెలలు గడిచాక కోఠీ గుజరాతీ గల్లీలో మా సెట్టుకి సరిపోయే రిమోట్ దొరికింది. ఇంటికి తెచ్చి నొక్కితే చలనం లేదు. పట్టుకెళ్ళి అమ్మిన కుర్రాడికి చూపించాను. వాడు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తీసి, రిమోట్ కన్ను దానివైపు పెట్టి నొక్కాడు. మన కంటికి కనపడని వెలుగు తెర మీద గులాబీ చుక్కలా మెరిసింది. "రిమోట్ల ఏం లేదు సార్, లైట్ మంచిగ కొడుతుంది. మీ సెట్లనే ఏమన్న ఉన్నట్టుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. డబ్బులు వాపసు అడిగాను కూడా. వాడు ఇవ్వలేదు. మంచిపని చేశాడు.

ఇంటికొచ్చి మళ్ళీ పుస్తకం తిరగేస్తే కనపడింది: రిమోట్ ఐడీ. ఒకే గదిలో అదే కంపెనీ సెట్లు రెండుంటే ఒక రిమోట్‌కి రెండూ పలకకుండా ఉండటానికి ఒకదాన్ని ఐడీ1 మీద, ఇంకొకదాన్ని ఐడీ2 మీద పెట్టుకుంటారు. ఆ రాత్రి నా వేలు దాన్ని ఐడీ2 చేసి వదిలేసింది. అప్పుడు ఇంట్లో పనిచేసే రిమోటే లేదు కాబట్టి బయటపడలేదు. మళ్ళీ సాష్టాంగం, స్ట్రెయిట్, పవర్, ప్రోగ్రామ్, ఐడీ1. ఆఫ్ చేసి ఆన్ చేశాను. గుజరాతీ గల్లీ రిమోట్‌కి సెట్టు పలికింది. మొదటి పనిగా సెటప్ మెనూలోకి వెళ్ళి సెంటర్ స్పీకర్ రెండు డెసిబెల్స్ పెంచాను.

ఆదివారం రాత్రి అమ్మ పక్కన సోఫాలో కూర్చుని సినిమా చూస్తున్నాను. పాట వచ్చింది. కాస్త ఎక్కువైనట్టనిపించి, రిమోట్‌తో నాలుగు మెట్లు తగ్గించాను. డిస్‌ప్లే మీద అంకె కదలడం అమ్మ కంటపడింది. పెట్టె దగ్గర ఎవరూ లేరు. నావైపు తిరిగింది.

"నువ్వేనా తగ్గించింది?"

"అవునమ్మా. ఇదిగో, కొత్త రిమోట్. పనిచేస్తోంది."

"నన్నడగొద్దూ?"

రిమోట్ దిండు పక్కన పెట్టి లేచాను. మోకాళ్ళ మీద కూర్చుని నాబ్ పట్టుకున్నాను.

"ఊఁ, తిప్పు" అంది.